రెండు గంటల అంకె

ఇది జరిగింది పెద్ద వరద వచ్చిన ఇరవై ఆరో ఏడు. వానలు ఇంకా మొదలవలేదు.

పోయిన వారం ఎక్కడ ఆపానో ముందు చెబుతాను, కొత్తగా చదివేవాళ్లు కూడా ఉంటారు. నేను నది గట్టు మీద గేజీ మనిషిగా పనిచేశాను. నీళ్లలోకి దిగే రాతిమెట్ల పక్కన అడుగులు, అంగుళాలు గీసిన కొలబద్ద ఉంటుంది. వానల్లో గంటకోసారి దిగాలి, నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూడాలి, ఎక్కి వచ్చి పుస్తకంలో రాయాలి. నీళ్లు మీదికి వస్తున్నాయంటే గట్టు మీద పెద్దగంట కొట్టాలి. అంతే ఉద్యోగం. పందొమ్మిదేళ్లు చేశాను. ఏడాదికి ఒక పుస్తకం.

ఇప్పుడు అక్కడ మనిషి లేడు. నీళ్లలోకి ఒక యంత్రం దించారు. అది పంపే అంకెలు వార్డు ఆఫీసుల్లోనూ, జనం ఫోన్లలోనూ కనిపించాలని ఒక తెర తయారు చేయిస్తున్నారు. ఆ తెర పని చేసేది మా పిల్ల.

పిల్ల అంటే నా తమ్ముడి కూతురు. పెద్ద వరదలో తమ్ముడూ మరదలూ పోయారు. కింది వీధిలో వాళ్ల ఇల్లు, ఇంట్లో ఉన్న సామాను, అన్నీ పోయాయి. ఆ రోజు పిల్ల మా ఇంట్లో ఆడుకుంటోంది కాబట్టి మిగిలింది. అప్పటికి నాలుగేళ్లది. తండ్రిది దానికి మా గోడమీది ఫోటో తప్ప ఒక చీటీ ముక్క కూడా లేదు. నాకూ మా ఆవిడకీ పిల్లల్లేరు. మేమే పెంచాం. మెతుకులు లెక్కపెట్టుకుని తినేదని మా ఆవిడ పిచ్చుక అని పిలిచింది. ఆ పేరే నిలిచింది.

వరద ఏటి పుస్తకం ఇన్నేళ్లూ వార్డు ఆఫీసులో అద్దాల బీరువాలో ఉంది. పక్కన ఒక అట్ట: 'గంట కొట్టి పై వీధులను కాపాడిన గేజీ మనిషి పుస్తకం.' ఆ పుస్తకం బీరువాలోంచి తీసి పిల్ల ఆఫీసుకి తెచ్చారు. మిగతా పద్దెనిమిది పుస్తకాలూ ఎవరో అంతకుముందే టైపు చేసి ఇచ్చేశారట. ఇది మాత్రం తడిసి, అంకెలు అలుక్కుపోయి, ఎవరికీ కొరుకుడు పడలేదు. రాసినవాడే చదవాలని నన్ను పిలిచారు. అక్కడ ఆపాను.

ఆ ఆఫీసు మూడో అంతస్తులో ఒక పొడుగాటి గది. కిటికీలు తెరుచుకోవు. గోడవారగా బల్లలు, బల్లకి రెండేసి తెరలు, ఎవరి చెవుల్లో వాళ్ల పాటలు. మూలన ఒక కాఫీ యంత్రం. మొదటి రోజు దాని దగ్గర నేను ఏ బొత్తాం నొక్కానో గానీ ఏడు కప్పుల వేడినీళ్లు ఇచ్చింది. అప్పట్నుంచీ పిల్లే తెచ్చిపెట్టేది.

ఆ గదికి పెద్దని వాళ్లు లీడ్ అంటారు. నేను మేస్త్రీ అంటాను. పని చేయించేవాడిని ఇంకేమంటారు? అతను నవ్వి ఊరుకున్నాడు. నన్ను బాబాయ్ అనేవాడు.

"బాబాయ్, మీ రాత చూస్తే మా డాక్టరుగారు గుర్తొస్తున్నారు," అన్నాడు.

"మూడో తరగతితో ఆపేశాను. డాక్టరుగారు ఎంతవరకు చదివారు?" అన్నాను.

గది అంతా నవ్వారు. నేను అన్ని మాటలు ఒకేసారి ఆడటం పిల్ల కూడా ఎప్పుడూ వినలేదు.

నా పని ఏమిటంటే, పిల్ల పక్కన కూర్చుని పేజీ మీద వేలు పెట్టి గంట చెప్పడం, అంకె చెప్పడం. ఆమె టైపు కొట్టేది. వరద రోజు పేజీలో అన్నీ కోడిగీతలే. తడిచేత్తో రాసినవి. సిరా పాకి పక్క గళ్లలోకి పోయింది. వేలితో తడిమి గుర్తు తెచ్చుకుని చెప్పాను. ఒక్క రెండు గంటల అంకె మాత్రం అచ్చు వేసినట్టుంది. ఇరవై ఒక్క అడుగులా ఎనిమిది అంగుళాలు.

"ఇదొక్కటి చక్కగా రాశారు బాబాయ్," అన్నాడు మేస్త్రీ వెనకనుంచి.

నేను వేలు తరవాతి గడి మీదికి జరిపాను.

ఈ అంకెలన్నీ ఎందుకని పిల్లని అడిగాను. తెరలో ఒక్కొక్క ముక్కనీ విడదీసి పరీక్ష పెడతామని చెప్పింది. అంకెలు చూపే ముక్కకి వేరే పరీక్ష, నీళ్లు ప్రమాదంగా పెరిగితే పచ్చపట్టీ ఎర్రబడే ముక్కకి వేరే పరీక్ష.

"పరీక్ష పెట్టడానికి నదిని పిలవలేం కదా పెదనాన్నా," అంది. "పిలిస్తే రాదు. వచ్చినా ఒకసారి వచ్చినట్టు ఇంకోసారి రాదు. అందుకని ఒక రోజుని ముందే రాసిపెట్టుకుంటాం. దాన్ని ఫిక్స్చర్ అంటాం. పరీక్షకి ముందు ఆ రోజుని తెర మీదికి ఎక్కిస్తాం. తెర అది నిజం నదే అనుకుంటుంది. అనుకుని ఏం చేస్తుందో చూస్తాం. అయ్యాక తుడిచేస్తాం. ఇంకో పరీక్షకి మళ్లీ మొదట్నుంచీ ఎక్కిస్తాం."

"తుడవకపోతే?"

"దీని బురద దానికి అంటుతుంది. అప్పుడు ఏ పరీక్ష ఎందుకు తప్పిందో బ్రహ్మదేవుడికి కూడా తెలీదు."

మా పనిలోనూ ఇట్లాంటిది ఒకటుందని చెప్పాను. ఎండాకాలం నది కదలదు. వారం రోజులు అదే అంకె. అప్పుడు గేజీ మనుషులెవరూ మెట్లు దిగరు. గదిలో కూర్చుని వారానికి సరిపడా ఒకేసారి రాసేస్తారు. దాన్ని మాలో మేము 'కూర్చుని చదవడం' అంటాం. ఏ కట్ట మీద ఏ గేజీ మనిషినైనా అడగండి, నవ్వుతాడు.

"అయితే మీరూ ఫిక్స్చర్లు రాశారన్నమాట!" అన్నాడు మేస్త్రీ.

"ఎండాకాలంలో," అన్నాను.

ఇది మొదటి మూడు రోజుల సంగతి. నాలుగో రోజు శుక్రవారం. సోమవారానికి తెర అన్ని వార్డులకీ వెళ్లాలి.

ఆ పొద్దున పిల్ల వరద రోజుని ఎక్కించింది. పరీక్ష తప్పింది. తుడిచింది, ఏదో సరిచేసింది, మళ్లీ ఎక్కించింది. మళ్లీ తప్పింది. తెర మీద నా అంకెలు ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. పన్నెండు గంటలకి ఇరవై ఒకటి నాలుగు. ఒంటిగంటకి ఇరవై ఒకటి ఆరు. రెండింటికి ఇరవై ఒకటి ఎనిమిది. మూడింటికి ఇరవై అయిదు. ఇరవై అయిదు అడుగులంటే కింది వీధి గడప. అక్కడికి వచ్చాక పట్టీ ఎర్రబడేది.

మధ్యాహ్నంలోపు ఆ రోజుని పిల్ల నలభైసార్లు ఎక్కించి ఉంటుంది. నలభైసార్లు తుడిచింది. తన తండ్రి పోయిన రోజని ఆమెకి తెలియక కాదు.

"నీకేం అనిపించట్లేదా పిచ్చుకా?" అని అడిగాను.

"ఇది ఫైలు పెదనాన్నా," అంది తెర మీంచి కళ్లు తీయకుండా. "పొద్దున్నించీ ఫైలు."

నాకు కూడా ఏమీ అనిపించలేదు. చెయ్యి తిమ్మిరెక్కినప్పుడు గిల్లితే ఎవరిదో చెయ్యిలా ఉంటుందే, అట్లా ఉంది.

పరీక్ష ఎందుకు తప్పుతోందో నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. తెరకి వాళ్లు నేర్పిన నియమం, గంటలో నీళ్లు అడుగు పెరిగితే పట్టీ ఎర్రబడాలని. పరీక్ష అడిగేదేమో, గడపకి నీళ్లు రావడానికి కనీసం గంట ముందు ఎర్రబడిందా అని. మిగతా వరదలన్నిటికీ ఎర్రబడుతోంది. అందరికీ తెలిసిన ఆ పెద్ద వరదకే ఎర్రబడటం లేదు. నీళ్లు మూడింటికి గడపకి వస్తే మూడింటికే చెబుతోంది. ముందు గంటలో రెండంగుళాలే కదా పెరిగింది, ఎందుకు చెబుతుంది?

"నా లెక్కలోనే ఎక్కడో తప్పుంది," అంది పిల్ల. "నాలుగుసార్లు తిరగరాశాను."

మేస్త్రీ కుర్చీ లాక్కుని వచ్చి కూర్చున్నాడు. "చూడమ్మా, సాయంత్రం దాకా ఉంది టైము. పెద్ద వరద పరీక్ష తప్పిందంటే పైవాళ్లు సంతకం పెట్టరు. నియమం మార్చెయ్. అడుగు కాదు, రెండంగుళాలు పెరిగితే ఎరుపు అని పెట్టు. పాసవుతుంది."

"రెండంగుళాలంటే మామూలు వానకి కూడా ఎర్రబడుతుంది సార్."

"ఎర్రబడనీ. జాగ్రత్త ఎక్కువైతే ఎవరు చచ్చారు?"

పిల్ల తెర వైపు తిరిగింది. ఏదో మార్చి, ఒక మామూలు వాన రోజుని ఎక్కించి చూపించింది. పట్టీ ఆ రోజు మొత్తం మీద పదకొండుసార్లు ఎర్రబడింది.

"రోజుకి పదకొండుసార్లు పులి వచ్చిందంటే పన్నెండోసారి ఎవరు లేస్తారు సార్?" అంది.

"ముందు పాస్ కానివ్వు. పులి సంగతి తరవాత చూద్దాం," అని అతను భోజనానికి లేచాడు. వెనకే గది అంతా లేచింది. పిల్ల లేవలేదు. నేనూ లేవలేదు.

ఆమె నియమం దగ్గర అడుగు అన్నది చెరిపి, రెండంగుళాలని కొట్టింది. ఇంకొక్క మీట నొక్కితే అయిపోతుంది. వేలు మీట మీద పెట్టుకుని అట్లాగే కూర్చుంది.

గట్టు కింద ఇప్పుడు మూడు వీధులున్నాయి. అప్పట్లో ఒకటే.

"ఆ అంకె తీసెయ్," అన్నాను.

"ఏ అంకె?"

"రెండింటిది."

"ఇరవై ఒకటి ఎనిమిదా? ఆ పేజీలో స్పష్టంగా ఉన్నది అదొక్కటే కదా పెదనాన్నా. అదొక్కటే అలుక్కుపోలేదు."

"అలుక్కుపోదు. మిగతావి తడిసి వచ్చి రాశాను. అది పొడి చేత్తో రాశాను."

పిల్ల వేలు మీట మీంచి తీసింది. "అంటే?"

"కూర్చుని చదివాను."

కాసేపు ఆమె మొహం చూశాను. అర్థం కావడం మొహం మీదికి వస్తుందంటారు. ఏమీ రాలేదు. నన్ను చూసి, తెర చూసి, పుస్తకం దగ్గరికి లాక్కుని ఆ అంకె మీద వేలు పెట్టింది. నేను మిగతా అంకెల మీద పెట్టినట్టే పెట్టింది.

"ఇది ఎండాకాలం కాదు," అంది.

"కాదు."

"ఎన్ని మెట్లు?"

"మొత్తం డెబ్బై. వరదలో మెట్లు తగ్గుతాయి. ఆ రోజు నీళ్లదాకా ఇరవై ఏడు."

"ఇరవై ఏడు మెట్లు."

"ముందురోజు సాయంత్రం నుంచీ ఎక్కి దిగుతున్నాను. కాళ్లు వాచాయి. మూడు గంటలుగా రెండేసి అంగుళాలే పెరుగుతోంది. ఇంకో రెండు కలిపి రాశాను."

"నిజంగా ఎంతుండి ఉంటుంది?"

"తెలీదు. చూడలేదు."

"పోనీ అంచనాగా చెప్పు."

"అంచనాగానేగా రాసింది."

పిల్ల తెర వైపు తిరిగింది. రెండంగుళాల నియమం చెరిపి మళ్లీ అడుగు అని పెట్టింది. తరవాత రెండు గంటల అంకె చెరిపింది. దాని బదులు ఏమీ పెట్టలేదు. ఖాళీ గడితో ఆ రోజుని ఎక్కించింది.

పన్నెండు అయింది. ఒంటిగంట అయింది. ఇరవై ఒకటి ఆరు. రెండయింది. తెర మీద ఇరవై ఒకటి ఆరు అట్లాగే ఉంది. పట్టీ పచ్చగా ఉంది.

"అదేమిటి?" అన్నాను. "అంకె లేదుగా."

"అంకె రాకపోతే పాతదే చూపిస్తుంది," అంది పిల్ల. తనకి తాను చెప్పుకుంటున్నట్టుంది ఆ గొంతు. "నేనే రాశాను అట్లా. ఖాళీగా కనిపిస్తే బాగుండదని."

ఇద్దరం ఆ పచ్చపట్టీని చూస్తూ కూర్చున్నాం. నేనైనా రెండంగుళాలు కలిపాను. అది ఆ మాత్రం కూడా కలపలేదు. పాత అంకె పట్టుకుని, అంతా బాగానే ఉందని చెబుతూ కూర్చుంది. తరవాత మూడయింది, ఎర్రబడింది.

పిల్ల ఆ రోజుని తుడిచింది. తెర తెల్లగా అయింది. నీళ్ల సీసా మూత తీసింది, తాగకుండా పెట్టింది.

"ఆ రోజు నాన్న మీకు క్యారియర్ తెచ్చారని పెద్దమ్మ చెప్పేది."

పుట్టి బుద్ధెరిగాక ఆమె నన్ను మీరు అనడం అదే మొదలు.

"తెచ్చాడు."

"ఎన్నింటికి?"

"రెండు కావొస్తోంది."

"నాన్న ఏమన్నారు?"

చెప్పాను. అడిగింది కాబట్టి చెప్పాను. అడక్కపోతే చెప్పేవాణ్ణేమో తెలీదు. తమ్ముడు రొట్టెల బట్టీలో రాత్రి షిఫ్టు చేసేవాడు. నిద్ర లేక కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. క్యారియర్ విప్పి నా ముందు పెట్టి, తనూ తిన్నాడు. నీళ్లు ఎట్లా ఉన్నాయన్నా అన్నాడు. గోడ గడియారం రెండు కొట్టింది. నువ్వు తిను, నేను దిగి చూసొస్తా అని లేచాడు. మెట్లు జారుతున్నాయి కూర్చోరా, ఇప్పుడే చూసొచ్చాను అన్నాను. వాడి ఎదురుగానే పుస్తకం తీసి రాశాను. వాడు నా భుజం మీంచి వంగి ఆ అంకె చూశాడు. రెండంగుళాలేనా, అయితే ఒక కునుకు తీస్తాను అన్నాడు. క్యారియర్ కడిగి, మూతలు పెట్టి, బోర్లించి వెళ్లాడు.

మూడింటికి దిగాను. ఇరవయ్యో మెట్టు దగ్గరే కాలు నీళ్లలో పడింది. పరిగెత్తి పెద్దగంట కొట్టాను. పై వీధుల వాళ్లంతా లేచి వెళ్లారు. కింది వీధిలో మెలకువగా ఉన్నవాళ్లు లేచి వెళ్లారు.

పిల్ల విన్నది. ఏడవలేదు. అరవలేదు. అరిస్తే బాగుండునని అప్పుడు అనిపించలేదు, ఇప్పుడు రాస్తుంటే అనిపిస్తోంది. భోజనాలు చేసి మనుషులు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నారు. కాఫీ యంత్రం గురగురమంటోంది.

"మీరు ఇంటికి వెళ్లండి పెదనాన్నా," అంది.

లేచాను. చెప్పులు తొడుక్కుంటుంటే వెనకనుంచి మేస్త్రీ గొంతు వినిపించింది. "ఏమ్మా, పాసైందా?"

"లేదు సార్," అంది పిల్ల.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ మంచం మీద బట్టలు మడత పెడుతోంది.

"ఇంత పెందలాడే వచ్చారేం? ఆ యంత్రం మళ్లీ వేడినీళ్లు పోసిందా?"

చెప్పాను. నాలుగు వాక్యాలు పట్టింది. ఇరవై ఆరేళ్లు దాచినది నాలుగు వాక్యాలే అయింది.

ఆమె చేతిలో తువ్వాలు ఉంది. మడత పెట్టింది. విప్పింది. మళ్లీ మడత పెట్టింది.

"ఆ క్యారియర్ ఇచ్చి పంపింది నేనే," అంది.

"తెలుసు."

"అతను ఇచ్చేసి వచ్చేస్తానన్నాడు. నిద్దరొస్తోంది వదినా అన్నాడు. కాదు, కూర్చుని తినిపించి రా, మీ అన్నకి ఒంటరిగా ముద్ద దిగదు అని పంపాను. ఇచ్చేసి వెంటనే పోయుంటే, మూడింటికి ఒక నిద్ర తీరి లేచి ఉండేవాడని..." తువ్వాలు ఒడిలో పెట్టుకుంది. "ఇన్నేళ్లూ అది నా ఒక్కదాని పాపమే అనుకున్నాను. మీరు పక్కనే పడుకుని ఒక్క మాట అనలేదు."

నేను మంచం రెండో చివర కూర్చున్నాను. మధ్యలో మడతపెట్టిన బట్టలున్నాయి. మాకిద్దరికీ మాటలు తక్కువని చుట్టాలంతా అంటారు. నోట్లో నాలుక లేని మొగుడూ పెళ్లాలంటారు. ఎందుకు లేదో ఆ రోజు దాకా మాకే తెలీదు.

"పిల్ల ఏమంది?" అని అడిగింది చివరికి.

"మీరు అంది."

 ఆమె బట్టలు తీసి బీరువాలో పెట్టింది. పిల్ల పొద్దుగూకాక వచ్చింది, తన గదిలోకి వెళ్లింది. ఆ సాయంత్రం గురించి రాయడానికి అంతకన్నా లేదు.

మర్నాడు పొద్దున్నే లేచి గడ్డం గీసుకున్నాను. నేను లేచేసరికే పిల్ల వెళ్లిపోయింది. ముందు మెట్ల దగ్గరికి వెళ్లాను. పని మానేశాక ఆ మెట్లు దిగలేదు. ఇప్పుడు రెయిలింగు పెట్టారు. పట్టుకుని దిగాను. అరవై రెండు మెట్లు. నాలుగడుగులా ఒక అంగుళం. పెయింటు పోయింది గానీ గీతలు తెలుస్తున్నాయి. చూసినట్టు ఎవరికీ చెప్పనక్కర్లేదు, ఎక్కడా రాయనక్కర్లేదు. చూసి ఎక్కాను. మధ్యలో నాలుగుసార్లు ఆగాను.

అక్కణ్ణుంచి ఆఫీసుకి వెళ్లాను. శనివారం కాబట్టి గది ఖాళీ. పిల్ల, మేస్త్రీ ఇద్దరే ఉన్నారు. మేస్త్రీ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ ఏదో ఒక జోకు వేసేవాడు, ఆ రోజు ఏమీ వేయలేదు.

వరద పుస్తకం అక్కడే ఉంది. ఎవరూ అడగకముందే పేజీ తీసి, జేబులో కలంతో రెండు గంటల అంకె మీద ఒక గీత గీశాను. అంకె కనిపించాలి, అందుకని ఒక్కటే గీత. పక్కన 'చూడలేదు' అని రాశాను. కింద సంతకం చేశాను. నా సంతకానికి ఎప్పుడూ టైము పడుతుంది. ఇద్దరూ ఓపిగ్గా నిలబడ్డారు.

"సోమవారం తెర వెళ్లదు బాబాయ్," అన్నాడు మేస్త్రీ. "వారం గడువు అడిగాను. అంకె రాని గంటకి మేము ఒక్క పరీక్ష కూడా రాయలేదు. ఖాళీ గడి ఒక్కసారి కూడా ఎక్కించి చూడలేదు. నిన్న తనే పట్టుకుంది. యంత్రం చెడి అంకె ఆగిపోతే ఇంతమందికీ పచ్చపట్టీ చూపిస్తూ కూర్చునేది." తల గోక్కున్నాడు. "ఇప్పుడు అంకె రాకపోతే పట్టీ ఎర్రబడుతుంది. 'ఈ గంట నీళ్లు ఎవరూ చూడలేదు' అని వస్తుంది."

"ఆ మాటలు మీరు రాశారా?" అని అడిగాను.

"నేను రాశాను," అంది పిల్ల.

నా వైపు చూడకుండానే ఆమె కుర్చీ కిందనుంచి ఒక గోనెసంచి లాగింది. అందులో నా మిగతా పద్దెనిమిది పుస్తకాలున్నాయి. ఒక్కొక్కటే తీసి బల్ల మీద పేర్చింది. పైన ఒక ఎర్ర పెన్సిలు పెట్టింది.

"ఈ పుస్తకాల మీద నలభై పరీక్షలు నిలబడి ఉన్నాయి," అంది. "అదొక్కటేనా? ఇంకా ఉన్నాయా?"

మేస్త్రీ కిటికీ వైపు తిరిగాడు. తెరుచుకోని కిటికీ అది.

"ఉన్నాయి," అన్నాను. "ఎండాకాలానివి."

"ఎండాకాలానివే అని మీకు నమ్మకమేనా?"

ఆ ప్రశ్నకి ఉన్న జవాబు ఒకటే. కూర్చుని పెన్సిలు తీసుకున్నాను. మొదటి పుస్తకం తెరిచాను.

చూసి రాసిందేదో, కూర్చుని రాసిందేదో ఎవరైనా పోల్చగలరు, ఒకసారి చూపిస్తే చాలు. నది బడిపిల్లల వరసలా నడవదు. ఒక అంగుళం ఎక్కుతుంది, అరంగుళం దిగుతుంది, ఆగుతుంది, మూడు ఎక్కుతుంది. చూసినవాడి అంకెలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. కూర్చున్నవాడివి నున్నగా ఉంటాయి. ఒకే సిరా, ఒకే వాలు. మొదటి పుస్తకం మూడో పేజీలోనే గీత పెట్టాల్సి వచ్చింది. ఎండాకాలం. సరే. రెండో పుస్తకంలో ఇరవై గీతలు. నాలుగో పుస్తకంలో వానాకాలంలో కూడా ఒకటి దొరికింది. అది ఎప్పుడు రాశానో, ఎందుకు దిగలేదో గుర్తు లేదు. గీత పెట్టాను. ప్రతి గీతకీ పిల్ల తెర మీద ఒక గడి ఖాళీ చేస్తోంది. మీట చప్పుడు తప్ప గదిలో చప్పుడు లేదు.

ఆరో పుస్తకంలో వానల మధ్య ఒక పేజీ తిప్పి ఆగిపోయాను.

ఆ నెల నేను ఊళ్లో లేను. మామగారు మంచాన పడితే మేమిద్దరం వెళ్లాం. సెలవు దొరకలేదు. ఆఫీసుకి చెప్పకుండా నా బదులు మనిషిని పెట్టి వెళ్లాను. ఆ సంగతి ఎప్పుడో మర్చిపోయాను.

ముప్పై రోజులు. ప్రతి అంకే అలుక్కుపోయి ఉంది. ప్రతి అంకే ఎగుడుదిగుడుగా ఉంది. నా కోడిగీతలు కావు, చిన్నగా, నిటారుగా, గడి దాటకుండా ఉన్నాయి. అంకెల పక్కన అంచులో జాగా ఉన్నచోటల్లా సన్నటి అక్షరాలు. 'అల కొడుతోంది. రెండోసారి దిగి చూశాను.' ఇంకోచోట, 'కొయ్య దుంగ అడ్డం పడింది. తీసి చూశాను.' మరోచోట, 'చీకటిగా ఉంది. దీపం తెచ్చుకుని మళ్లీ చూశాను.'

పెన్సిలు పెట్టడానికి ఒక్క గడి కూడా లేదు.

మీట చప్పుడు ఆగింది. నేను గీత పెట్టకుండా పేజీలు తిప్పుతుండటం చూసి పిల్ల కుర్చీ దగ్గరికి జరుపుకుంది. వంగి చూసింది. నా భుజం మీంచే చూసింది.

"ఇది నీ రాత కాదు పెదనాన్నా," అంది. "ఎవరిది?"

నేను పెన్సిలు కింద పెట్టాను. "మీ నాన్నది," అని పుస్తకం ఆమె వైపు తిప్పాను.